మార్చిన రెండు వైర్లు

మోటారు ఎందుకు కాలిందని ఎవరు అడిగినా మాన్‌సింగ్ దగ్గర ఒకటే జవాబు: "వోల్టేజీ కొట్టింది." నెల్లికుదురు రోడ్డు మీద ఇరవై రెండేళ్లుగా మోటార్లు చుట్టే దుకాణం నడుపుతున్నాడు. ఇన్నేళ్లలో తన చేతి వల్ల ఒక్క మోటారైనా కాలిందని ఒప్పుకున్న పాపాన పోలేదు. కరెంటువాళ్లు ఎటూ ఊరందరి తిట్లూ తినేవాళ్లే, ఇంకొకటి కలిస్తే వాళ్లకేం బరువు?

ఆ ఉదయం కూడా అదే జవాబు చెప్పి వచ్చాడు. పక్క తండా వాల్యా మోటారు చుట్టి ఇచ్చి తొమ్మిది రోజులు కాలేదు, మళ్లీ కాలింది. విప్పి చూస్తే, రాగితీగకూ ఇనుముకూ మధ్య పెట్టాల్సిన కాగితం ఒకచోట లేదు. పెట్టడం మరిచిపోయింది తనే. తెలంగాణ కోసం సకల జనులూ సమ్మెకు దిగి నెల కావస్తోంది. బొగ్గుబాయిలు బంద్. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. వచ్చిన కాసేపట్లోనే ఊరి మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి, సగం కాలిపోయి దుకాణానికి వస్తాయి. నిద్రకళ్లతో చుట్టిన మోటారది. "వోల్టేజీ కొట్టింది తమ్మీ" అన్నాడు. వాల్యా కరెంటువాళ్లను నోరారా తిట్టి, మోటారు అక్కడే వదిలి వెళ్లాడు.

నడుము పట్టేసి, ఇక చేతకాక, దుకాణం మూసి తండాకు వచ్చాడు మాన్‌సింగ్. ఇంట్లో కూతురు మౌనిక దుప్పటి పరిచి, కంప్యూటర్ సామానంతా చుట్టూ పెట్టుకుని కూర్చుంది.

మౌనిక వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది, మూడో ఏడు, కంప్యూటర్ బ్రాంచి. సమ్మెతో కాలేజీ మూసేశారు. స్కాలర్‌షిప్‌తో కొన్న విడిభాగాలను అట్టపెట్టెల్లో కట్టుకుని, బస్సులు లేక తొర్రూరు దాకా లారీలో, అక్కడినుంచి ట్రాక్టర్‌లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. కాలేజీ ల్యాబులో నలుగురికి ఒక కంప్యూటర్. విప్పడం, బిగించడం ముగ్గురు చేసేవాళ్లు, ఈమె చేతికి నోటుపుస్తకం ఇచ్చేవాళ్లు. "నీ దస్తూరి బాగుంటుంది, నువ్వు రికార్డు రాయి" అనేవాళ్లు. రెండేళ్లలో ఒక్క స్క్రూ తిప్పనివ్వలేదు. తండా పిల్లకు ఇవన్నీ ఎక్కడొస్తాయని ఒకడు వెనక నుంచి అన్న మాట కూడా ఆమె చెవిన పడింది. అందుకే ఈ పంతం. మొదటి నుంచి చివరి దాకా తన చేతులతోనే బిగించాలి, తన వేలితో నొక్కితే అది లేవాలి. తండ్రి ఒక స్టెబిలైజర్ చేసి ఇచ్చాడు. అంతకుమించి వేలు పెట్టనని మాట కూడా ఇచ్చాడు.

పదకొండింటికి కరెంటు వచ్చింది.

"బాపూ, జర చూడు. గీ పెద్ద వైరు మదర్‌బోర్డుకు. గీ నాలుగు పిన్నులది ప్రాసెసర్‌కు. ఫ్యాన్లు రెండు, ప్రాసెసర్ మీద ఒకటి, డబ్బ ఎనుక ఒకటి" అంటూ మౌనిక ఒక్కొక్కటే వేలితో తాకి, ఊపిరి బిగబట్టి మీట నొక్కింది. రెండు ఫ్యాన్లూ గిర్రున తిరిగాయి. పిల్ల కళ్లలో నీళ్లు వచ్చినంత పనయింది. "తిరిగినయ్ బాపూ! ఇగ హార్డ్ డిస్కు వైర్లు కలిపి, స్క్రీన్ తగిలిస్తే అయిపాయె" అని యంత్రం ఆపేసింది. ఆ వెంటనే కరెంటు పోయింది. మాన్‌సింగ్ భార్య గంగి. ఆమె తమ్ముడు ప్రేమ్‌సింగ్ భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. అతనూ సమ్మెలోనే ఉన్నాడు. మొదట్లో కరెంటు పోయినప్పుడల్లా గంగి "మా తమ్ముడే తీసేసిండు" అని నవ్వేది. ఇప్పుడు నవ్వడానికి కూడా ఓపిక లేదు. ఆ రోజు చౌరస్తాలో వంటావార్పు, రోడ్డు మీదే వండుకు తింటూ చేసే నిరసన. తండా ఆడవాళ్లతో పాటు బియ్యం మూట కట్టుకుని తల్లీకూతుళ్లు బయలుదేరారు.

మాన్‌సింగ్ ఒక్కడే మిగిలాడు. పడుకుందామనుకున్నాడు, కానీ మనసు కుదరలేదు. ఫ్యాన్లు తిరిగినప్పుడు అతను డబ్బా వెనక చెయ్యి పెట్టి చూశాడు. గాలి బయటికి కొట్టింది. ఏ మోటారుకైనా వెనక ఉండే ఫ్యాను బయటి గాలిని గుంజి ఒంటి మీదికి తోలాలి, ఇనుము చల్లబడాలి. ఇదేమో బయటికి ఊదుతోంది. అంటే ఉల్టా తిరుగుతోంది. పిల్ల వైరు తప్పు కలిపిందని అతనికి ఖాయమైపోయింది. ఆమె సంబరం చూసి ఆ మాట అనలేకపోయాడు.

మోటారు ఉల్టా తిరిగితే ఏం చెయ్యాలో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు మారిస్తే చాలు. ఊళ్లో పసిపిల్లవాడికి కూడా తెలిసిన విద్య. సూది తెచ్చి, ఫ్యాను ప్లగ్గులోంచి ఎర్ర తీగ, నల్ల తీగ మెల్లగా ఊడబీకి, స్థానాలు మార్చి దూర్చాడు. పది నిమిషాల పని. పేరు ఎటూ పిల్లకే వస్తుంది, ఆమెకు తెలియాల్సిన పని లేదనుకున్నాడు. మాట తప్పానన్న బాధ కూడా లేకుండా, కూతురికి మేలు చేశానన్న తృప్తితో నిద్రపోయాడు.

మౌనిక ఎండలో వాడిపోయి వచ్చింది. అయినా కాళ్లు కడుక్కుని నేరుగా డబ్బా ముందు కూర్చుంది. హార్డ్ డిస్కు వైర్లు కలిపింది. అయిదింటికి కరెంటు వచ్చింది. తల్లిని కూడా పిలిచి మీట నొక్కింది.

టక్కుమంది. అంతే, ఆగిపోయింది.

మళ్లీ నొక్కింది. మళ్లీ టక్కుమని ఆగింది. హార్డ్ డిస్కు వైర్లు తీసేసి నొక్కింది, అదే తీరు. పెద్ద వైరు ఊడదీసి, ఊది, పెట్టింది. నాలుగు పిన్నులది తీసి పెట్టింది. గంట గడిచింది. ఎన్నిసార్లు కూర్చినా ఒకటే టక్కు. గంగి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. మాన్‌సింగ్ మొదటి టక్కుకే వెనక ఫ్యాను వైపు చూశాడు. రెండో టక్కుకు, తను మార్చిన వైర్లేనని అర్థమైంది. నోరు మాత్రం అలవాటైన దారినే పోయింది.

"వోల్టేజీ కొట్టిందేమో బిడ్డా."

"స్టెబిలైజర్ నువ్వే జేస్తివి గద బాపూ. వోల్టేజీ ఎట్ల కొడ్తది?" అంది మౌనిక, తల ఎత్తకుండానే.

ఇరవై రెండేళ్లలో ఆ జవాబు చెల్లని చోటు అదొక్కటే.

మౌనిక స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "పొద్దుగాల మంచిగనే తిరిగినయ్. తర్వాత నేనే ఏదో తప్పు కలిపిన. బోర్డు కాలిందో ఏందో. వాళ్లన్నది నిజమే, నాకు రికార్డు రాసుడే కరెక్టు" అంటూ అట్టపెట్టె దగ్గరికి లాక్కుంది. ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి, మడతపెట్టి, రబ్బరుబ్యాండు చుడుతోంది. తప్పు తనదేనని ఇంత తొందరగా ఒప్పుకునే మనిషిని మాన్‌సింగ్ తన జన్మలో చూడలేదు. అదీ చెయ్యని తప్పు. అట్టపెట్టె మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"ఆగు. అది నువ్ జేసింది కాదు. నేను జేసిన."

మౌనిక చూసింది.

"ఎనుక ఫ్యాను ఉల్టా తిరుగుతుందనుకున్న. రెండు వైర్లు మార్చిన. మీరు వంటావార్పుకు పోయినప్పుడు."

చేతిలోని రబ్బరుబ్యాండు కింద పడేసింది. ఆ తర్వాత వచ్చిన గొంతు అతనికి కొత్త. "గంటసేపటి సంది సూస్తనే ఉన్నవ్ గద బాపూ? నన్ను ఒక్క మాట అడిగితే ఏమాయె?"

"ఇన్నేండ్లల్ల ఎవ్వర్ని అడిగిన అలవాటు లేదు బిడ్డా."

"వాళ్లు నన్ను ముట్టనియ్యలే. నువ్వేమో నాకు తెల్వకుంట ముట్టినవ్. ఏం ఫరక్?"

మాన్‌సింగ్ ముందుకు వంగాడు. చెయ్యి సాచి ఫ్యాను అందుకోబోయాడు. "చెయ్యి పెట్టకు" అంది మౌనిక. పెట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుని చూశాడు. ఆమె మడత విప్పి వైర్లన్నీ మళ్లీ మొదటి నుంచి కలిపింది, వెనక ఫ్యాను ఒక్కటీ వదిలేసింది. స్క్రీన్ తగిలించి మీట నొక్కింది. ప్రాసెసర్ మీది ఫ్యాను తిరిగింది, తిరుగుతూనే ఉంది. నల్లటి స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు వరసగా వచ్చాయి. మౌనిక అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. అరచెయ్యి డబ్బా మీద పెట్టి అలాగే కూర్చుంది. అయిదింటికి కొట్టాల్సిన చప్పట్లు తానే తినేశానని మాన్‌సింగ్‌కు తెలిసింది.

తర్వాత యంత్రం ఆపి, వెనక ఫ్యాను వైర్లు సూదితో సరిచేసి పెట్టి చూసింది. యంత్రం లేచింది కానీ ఆ ఫ్యాను తిరగలేదు.

"గిది సచ్చింది. గీ కరెంటుల ఎర్రది నల్లది మారిస్తే ఉల్టా తిరగది, షార్టయితది, గందుకే డబ్బ బంద్ అయింది. లోపటి వేడిని బయటికి పంపనీకె ఉంటది బాపూ ఇది. పొద్దుగాల సక్కగనే తిరిగింది." మాటలో కోపం తగ్గింది, అలసట మాత్రమే మిగిలింది. వేడి పోవడానికి పక్కరేకు బిగించకుండా, డబ్బాను తెరిచే ఉంచింది.

అప్పుడే వాకిట్లోంచి వాల్యా గొంతు వినిపించింది. "మాన్‌సింగన్నా, కరెంటొచ్చింది, నా మోటారు చుట్టినవా? మడి నెర్రెలువాసింది. ఈ వోల్టేజీ పాడుగాను, తొమ్మిది దినాలకే కాల్చిపారేసె."

మాన్‌సింగ్ లేచి గడప దగ్గరికి వెళ్లాడు. వెనక మౌనిక చూస్తోందని తెలుసు. చూడకపోయినా, ఆ మాట ఇక నోటికి వచ్చేలా లేదు.

"వోల్టేజీ కాదు తమ్మీ. కాయితం పెట్టుడు మర్చిపోయిన. తప్పు నాదే. ఇప్పుడే పోయి చుడ్త, పైసలొద్దు."

వాల్యా తిట్టబోయి నోరు తెరిచాడు. ఏం తిట్టాలో, ఎవర్ని తిట్టాలో తోచలేదు. చివరికి అన్నాడు, "అయితే కరెంటోళ్లను పొద్దటి సంది ఉత్తగనే తిట్టిన్నా అన్నా?"

"ఇన్నేండ్ల సంది ఊరంత తిట్టింది" అన్నాడు మాన్‌సింగ్, చెప్పులు తొడుక్కుంటూ. "నడువు, ఆ తిట్లేవో తొవ్వల నన్ను తిట్టు."