పలుగురాయి పొడి

చలికాలం పోయింది, ఎండాకాలమూ సగమైంది, యుసేబియో మింగే టీబీ మాత్రలు మాత్రం అయిపోలేదు. లాస్ ఏంజెలెస్‌లో డబ్బున్నవాళ్ల వంటగట్లకు రాతి పలకలు కోసే మనిషి, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుంటున్నాడు. అంటుకుంటుందన్న భయంతో విడిగా పడుకుంటున్నాడు. ఏడాది నిండని కూతుర్ని గుమ్మం అవతల నుంచే చూసుకుంటున్నాడు.

కొత్త డాక్టరమ్మ స్కాన్ ముందు చాలాసేపు కూర్చుంది. రెండు ఊపిరితిత్తుల పైభాగమంతా గసగసాలు చల్లినట్టు తెల్లచుక్కలు. టీబీ అయినా ఇలాగే కనబడుతుందని, అందుకే మునుపటివాళ్లు అలా అనుకుని ఉంటారని చెప్పింది. కానీ కళ్లెలో ఆ క్రిమి ఒక్కసారీ దొరకలేదు. పైగా రెండు ఊపిరితిత్తుల మధ్యనున్న గడ్డల చుట్టూ గుడ్డుపెంకులా సున్నం కట్టింది.

"ఏం పని చేస్తారు మీరు?" అనడిగింది.

ఇన్నాళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. చెప్పాడు. నీళ్లు పోస్తూ కోస్తారా అంటే, తొందర పనికి నీళ్లెక్కడివి, పొడిగానే కోస్తామన్నాడు.

"ఇది టీబీ కాదు. మీరు కోసే పలకల్లోని పలుగురాయి పొడి లోపల పేరుకుపోయింది. దీన్ని నయం చేసే మందు లేదు."

అతని చెవికెక్కింది సగం మాటే. "అయితే పిల్లనెత్తుకోవచ్చా?"

"ఎత్తుకోవచ్చు. ఇది అంటుకునేది కాదు."

బస్టాపులో కూర్చున్నాక మిగతా సగం లోపలికి దిగింది. సొంతదేశం ఎల్ సాల్వడార్ నుంచి తమ్ముడు నాహుమ్‌ను రప్పించి, యజమానిని బతిమాలి, పక్క రంపం మీద పెట్టించింది తనే. ఇన్నేళ్లూ వాడు పీల్చిందీ ఆ పొడే. తను మంచమెక్కాక రెండు రంపాల పనీ వాడే లాగుతున్నాడు.

ఇంటికి పోకుండా పలకలు కోసే షెడ్డుకు పోయాడు. నాహుమ్ కనుబొమల దాకా తెల్లగా ఉన్నాడు.

"రండి దొరగారూ," అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు తెరిపిచ్చాక చెప్పాడు. "నేనూ ఎక్స్‌రే తీయించుకున్నా అన్నా. నీకున్నట్టే చుక్కలంట. నీ టీబీ నాకూ అంటించావ్. పోనీలే, ఆ మాత్రలేవో ఇద్దరం కలిసి మింగుదాం."

అని మళ్లీ రంపం మీదికి వంగాడు. యుసేబియో గోడ దగ్గరికి పోయి కరెంటు తీగ పీకేశాడు.

"నాది టీబీ కాదంట్రా."

నాహుమ్ ముఖం విప్పారింది. "మరి చెప్పవేం! నీది కాకపోతే నాదీ కాదుగా. పద, ముందు వదినకు చెబుదాం."

యుసేబియో కదల్లేదు. మిగతా మాట చెప్పడానికి ఊపిరి కూడదీసుకుంటూ, ఆ తీగ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.