ఐదో పేరు

"నీ దస్తూరీ బాగుంటుందమ్మాయ్, ఈ ఫారాలు నువ్వే నింపు" అన్నారు మామయ్య. పెళ్ళయి నలభై రోజులు. ఆ మాటకే పొంగిపోయి, కర్టెన్ల షాపు వెనక గదిలో గుడ్డముక్కలు పక్కకు నెట్టి, కొత్త పెన్ను మూత తీశాను. మా ఆయన ఆఫీసుకు వెళుతూ వెళుతూ నా ముందు ఓ బిస్కెట్ పాకెట్ పెట్టి కన్ను కొట్టి పోయాడు. ఇంతమాత్రానికే రోజంతా గాల్లో తేలిపోతానని అతనికి తెలిసిపోయింది.

షాపులో పనివాళ్ళ పింఛను పథకం ఎదుగూ బొదుగూ లేకుండా పడి ఉంది. "ఇంకా మూడేళ్ళేనయ్యా నా సర్వీసు, కొత్త పథకంలోకి మార్పించండి" అని కటింగ్ మాస్టారు ఏడాదిగా పోరుతున్నాడు. మారడానికి ఆ రోజే ఆఖరు. ఏజెంటు ఎదురుగా కూర్చున్నాడు. మామయ్య చెబుతుంటే రాశాను: కటింగ్ మాస్టారు, ఇద్దరు టైలర్లు, ఇళ్ళకు వెళ్ళి కర్టెన్లు బిగించే ఫిట్టరు.

"నలుగురేనా? కనీసం ఐదుగురుండాలి సార్. యజమాని లెక్కలోకి రారు. ఏడాదికి పైగా పనిచేస్తున్నవాళ్ళే కావాలి" అన్నాడు ఏజెంటు.

పక్క బల్ల దగ్గర మాస్టారి కత్తెర ఆగిపోయింది. మామయ్య గడ్డం గోక్కున్నారు.

"మా బావమరిది పేరు రాసేద్దామా?"

"ఆయన ఇక్కడ ఏం చేస్తారు?"

"అప్పుడప్పుడొచ్చి టీ తాగి పోతాడు."

ఆ బావమరిదికి స్వయానా అక్క అదే గదిలో, పెదాల మధ్య గుండుసూదులు బిగించి కుచ్చిళ్ళు పెడుతున్నారు. అత్తయ్య. ఆవిడ చేతి మడత కోసం ఊరి అవతల నుంచి కూడా జనం వస్తారు. "అమ్మ కాలక్షేపానికి షాపుకొస్తుందంతే" అని పెళ్ళికి ముందు మా ఆయన చెప్పాడు. ఆ కాలక్షేపం తెల్లవారుజాము వంటతో మొదలై, షాపు మీదుగా సాగి, మళ్ళీ వంటతోనే ముగుస్తుందని తెలియడానికి నాకు వారం కూడా పట్టలేదు.

"అత్తయ్య ఉన్నారుగా మామయ్యా!"

"భలేదానివే! మీ అత్తయ్య జీతానికొచ్చిన మనిషా? షాపు ఆవిడదే కదా!"

"అయితే యజమానులు ఇద్దరని రాయమంటారా?"

ఏజెంటు దగ్గుతూ నవ్వు దాచుకున్నాడు. మామయ్య నా వైపు, ఫారం వైపు, మాస్టారి వైపు చూసి, "ఐదో గడిలోనే రాయమ్మా" అన్నారు.

నాకైతే లేచి గంతులేయాలనిపించింది. బుద్ధిగా కూర్చుని అడిగాను.

"పనిలో చేరిన తేదీ, అత్తయ్యా?"

ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చారు. "పెళ్ళయిన మూడోరోజు. ఖాళీగానే ఉన్నావుగా, ఈ కొస పట్టుకో అన్నారు మీ మామయ్య."

"జీతం?"

"మాస్టారికెంతో నాకూ అంతే" అన్నారావిడ, ఎన్నాళ్ళుగానో సిద్ధంగా ఉంచుకున్నట్టు.

"న్యాయమేనయ్యా" అన్నాడు మాస్టారు. మామయ్య ఏదో అనబోయేలోపే రాసేశాను.

"ఇక సంతకం పెట్టండమ్మా. ఇంకో నాలుగేళ్ళలో మీకు అరవై నిండుతాయి. ఆ రోజుతో మీకు పనినుంచి సెలవు" అన్నాడు ఏజెంటు.

పెన్ను అందుకున్న అత్తయ్య ఆగారు. మామయ్య వైపు చూడనైనా చూడకుండా అతన్నే అడిగారు:

"షాపు పనినుంచేనా బాబూ, వంటింటి నుంచి కూడానా?"