మూడో పిలుపు

రెండు పిలుపులు అయిపోయాయి. మూడోది ఆమె గొంతులోనే ఉంది.

ఆ బస్‌స్టాండులో మూడో పిలుపు వినపడనిదే ఏ డ్రైవరూ బండి కదపడు. దీని వెనక ఒక తలవంపుల కథ ఉంది. పూర్వం అక్కడ రేకుల షెడ్లు, బురద, గొంతు చించుకునే కండక్టర్లు తప్ప ఏమీ లేవు. అవన్నీ పీకించి, మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా పెద్ద గుమ్మటం లేపారు. చుట్టూ బండిచక్రం ఆకుల్లా ప్లాట్‌ఫారాలు. చూసినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. తీరా ప్రారంభం రోజున మైకులో మాట్లాడితే, ఒక్కో మాటా గుమ్మటానికి తగిలి నాలుగై తిరిగొచ్చింది. జనం ఒక బస్సనుకుని ఇంకోటి ఎక్కారు. పైనుంచి గోనెపట్టాలు వేలాడదీశారు, గోడలకు తూట్లు పొడిచారు. గుమ్మటం లొంగలేదు. చివరికి మనుషులే లొంగారు. ప్రతి బస్సునీ మూడుసార్లు పిలవాలి, మాటకీ మాటకీ మధ్య ప్రతిధ్వని చచ్చేదాకా ఆగాలి.

అలా ఆగి ఆగి పిలవడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. గుమ్మటం కింద, ఎత్తున ఉన్న గాజు గదిలో ఆమె కుర్చీ. ఆ గొంతే కూడు పెడుతోంది కనక దాన్ని పసిపాపలా కాపాడుకునేది. ఇంటికెళ్తే నోరు విప్పేది కాదు. తలూపేది, చేత్తో చూపేది, భర్త అటు తిరిగి ఉంటే చెంచాతో గ్లాసు మీద టింగుమనిపించేది. మొదట్లో అతను “రాణిగారు గంట కొట్టారు” అని నవ్వుతూ వచ్చేవాడు. తర్వాత నవ్వకుండా వచ్చేవాడు. ఆ తర్వాత రావడమే మానేశాడు.

ఈ ఉదయం పెట్టె సర్దుకుంటూ, కోపం లేకుండానే అన్నాడు. “ఊరూరినీ పేరు పెట్టి పిలుస్తావు. నన్ను ‘ఏవండీ’ అని పిలిచి ఎన్నాళ్ళయిందో గుర్తుందా?”

అప్పుడైనా పిలవాల్సింది. కాని ఆమె చెయ్యి అలవాటుగా గొంతు మీదికి వెళ్ళింది. అది చూసి అతను పెట్టె అందుకున్నాడు. ఇక తిరిగి రానన్నాడు.

ఇప్పుడు మూడో పిలుపు కోసం ఆగి ఉన్న సరిహద్దు బస్సులో, తలుపు పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. పైనుంచి చూస్తే, కిటికీలోంచి వంచిన అతని తల కనిపిస్తోంది.

బస్సులు పంపే కంట్రోలరు కింద నుంచి ఫోను చేశాడు. “ఏంటక్కా, కునుకు పట్టిందా? డ్రైవర్ బాబాయ్ స్టీరింగు మీద తబలా వాయిస్తున్నాడు. ఇంకాసేపుంటే జనం లేచి గంతులేస్తారు.”

ఆమె ఫోను పెట్టేసింది. ఇన్నాళ్ళూ మౌనంతోనే భర్తని పోగొట్టుకుంది. ఇప్పుడా మౌనమే అతన్ని పట్టి ఉంచింది. కాని ఎంతసేపు? మెట్ల మీద కంట్రోలరు బూట్ల చప్పుడు మొదలైంది.

పిలుస్తాననుకుంది. ఏవండీ, దిగండి. హాలంతా నవ్వితే నవ్వనీ. పెదాలతో చప్పుడు లేకుండా అని చూసుకుంది. మైకు బొత్తాం నొక్కింది.

మాటకంటే ముందు ఆమె ఊపిరి గుమ్మటమంతా పాకింది. ఎన్నడూ వినపడని ఊపిరి. బస్సులో అతను తలెత్తాడు. లేచి తలుపు దగ్గరికి వచ్చి, గాజు గదివైపు చూస్తూ ఒక కాలు కింద పెట్టాడు.

ఆమె నోరు తెరిచింది.

“ప్రయాణికులకు గమనిక” అంది నోరు.

ఆపాలనుకుంది. మాటకీ మాటకీ మధ్య బోలెడు జాగా ఉంది, అందులో ఒక ‘ఏవండీ’ పట్టదా? కాని ప్రతి జాగాలోనూ గొంతు బుద్ధిగా ప్రతిధ్వని కోసం ఆగింది, ఆగి తర్వాతి మాట అందుకుంది. సరిహద్దుకు వెళ్ళే బస్సు. బయలుదేరుతోంది. ఎంత స్పష్టంగా వచ్చిందంటే, మెట్ల మీద కంట్రోలరు నిమ్మళించి వెనుదిరిగాడు.

అతను కాలు లోపలికి తీసుకున్నాడు.

బస్సు వంపు తిరిగి వెళ్ళిపోయింది. ఆమె వేలు ఇంకా బొత్తాం మీదే ఉంది.

“ఏవండీ” అంది.

గుమ్మటం దాన్ని నాలుగుసార్లు చెప్పింది. కింద హాల్లో ఎందరో మగవాళ్ళు, ఒక్కసారిగా, తలలు తిప్పి చూశారు.