కార్డు మీద లేని వెలి

అక్టోబర్ పన్నెండు, ఆదివారం ఉదయం పదకొండు గంటలకు, ఆష్‌బర్న్ దగ్గర, క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల సభలో జ్ఞానప్రసూన లేచి నిలబడి, పుస్తకం ఇవ్వడానికి వీల్లేదంది.

ఆ పుస్తకం 1797లో అచ్చయింది. రాసిన ఆమోస్ థార్న్‌బర్గ్ ఆ సభవాడే. బానిసలను అద్దెకు తెచ్చి పొలం పనులు చేయించుకున్న తోటి క్వేకర్లను పేరుపేరునా ఎండగట్టాడు. సభ అతన్ని వెలివేసింది. ఒహాయో వెళ్లి అక్కడే పోయాడు. పుస్తకం కొనుక్కున్న రూత్ పెన్నాక్ దాన్ని ఆరాధనలో పైకి చదివింది. ఆమెనూ వెలివేశారు. బతికినన్నాళ్లూ ఆదివారం వచ్చి బయట మెట్ల మీద కూర్చునేది. పుస్తకాన్ని ఆమె మనవరాలు సభకు ఇచ్చింది.

ఇప్పుడొక డేటా సెంటర్ కంపెనీ దాన్ని తన లాబీలో పెడతానంది. పక్కన పెట్టే కార్డును పోయిన నెల సభలో చదివారు: 'ఈ సభ పూర్వీకులు బానిసత్వాన్ని ఎదిరించారు.' వెలి మాట లేదు. ప్రసూనకు ఒళ్లు మండింది. మూతి బిగించుకుని కూర్చుంది. క్వేకర్లు ఓట్లు వేయరు; ఒక్కరు కాదన్నా పని ఆగుతుంది. అభ్యంతరం చెప్పనివాళ్లు ఒప్పుకున్నట్టే. నిర్ణయం రాసేశారు.

ఆ రోజు ఇంటికెళ్తుంటే కార్‌లో భర్త గౌరీశంకర్ నవ్వాడు. "మా అమ్మ దగ్గరా ఇంతేగా. నువ్వు మాట్లాడకపోతే ఆవిడకి హడల్. వీళ్లకేం అర్థమవుతుంది, డాక్టరమ్మా? నోరు తెరిచి చెప్పాలి."

"మీరు రోడ్డు చూసి డ్రైవ్ చేయండి."

ఈ ఆదివారం నోరు తెరిచింది.

"ప్రసూనా, పోయిన నెల అందరం ఒప్పుకున్నాం కదా," అన్నాడు సభ నడిపే పీటర్. అక్కడ డాక్టర్, మేడమ్ అని ఎవరూ పిలవరు.

"మీరు ఒప్పుకున్నారు. నేను పళ్లు నూరుకున్నాను. వాళ్లిద్దర్నీ మనమే వెలివేశామని కార్డు మీద రాయండి. అప్పుడు తీసుకెళ్లండి."

"ఆ మాట ఉంటే కంపెనీవాళ్లు తీసుకోరు. అడిగాం."

"అడిగారా? అంటే మర్చిపోయి వదిలేసింది కాదన్నమాట."

పీటర్ కాగితాలు సర్దుకున్నాడు. "నీకు ఇష్టం లేదని రాసుకుంటాను. పని మాత్రం ఆపకుండా పక్కకు తప్పుకోగలవా? అలాంటి పద్ధతీ ఉంది."

"రూత్‌ని మెట్ల మీదికి పంపారు. నేను లోపలే ఉంటాను. ఒప్పుకోను."

వెనక బెంచీలో ఒకాయన, ఆమె కోపం తగ్గాక మాట్లాడదామన్నాడు.

"తగ్గదు," అంది ప్రసూన.

పీటర్ పాత నిర్ణయం కొట్టేసి, ఏకాభిప్రాయం లేదని రాశాడు. సోమవారం కంపెనీకి ఫోన్ చేసి, పుస్తకం రాదని చెప్పాడు.