చీమ కుట్టినట్టైనా

ఆ ఉదయం ఆకాశం ఎండా ఇవ్వలేదు, వానా ఇవ్వలేదు. విరిగిన పాల మీది తేటలా పల్చగా, కదలకుండా నిలబడి ఉంది. ఆమె ఆరని బట్టలు తీగ మీంచి తీస్తుంటే వెనకనుంచి భర్త పిలిచాడు.

"బంగారం, నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టవూ? నీ చెయ్యి పడితేగానీ నాకు తృప్తిగా ఉండదు."

చేసింది. పన్నెండేళ్లలో ఆయన చెయ్యెత్తింది లేదు, గొంతెత్తింది లేదు. "పెట్టి పుట్టావే" అంటారు ఇరుగుపొరుగు ఆడవాళ్లు. ఆమె సంచిలో మడత పెట్టిన ఫారం ఉంది. వేరే ఊళ్లో ఆరు నెలల శిక్షణ. వెళ్లొస్తే ప్రయోగశాలలో ఒకరికి అందించే మనిషిగా కాక, తన బల్ల దగ్గర తను కూర్చోవచ్చు. సాయంత్రంలోగా ఇవ్వాలి. ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఆయన వద్దనలేదు. "నీ ఇష్టం బంగారం, నేనెప్పుడైనా కాదన్నానా? నువ్వు లేకపోతే అమ్మకి ముద్ద దిగదు, అంతే" అన్నాడు. "నా కోడలు నన్నొదిలి ఎక్కడికీ పోదురా" అని అత్తగారు తల నిమిరింది. 'రాలేను' అని రాసింది మాత్రం ఆమె చెయ్యే. అప్పుడు ఏడుపైనా రాలేదు.

ప్రయోగశాలలో ఆమె పని పిడుదులతో, పశువుల ఒంటిని కరుచుకుని నెత్తురు తాగే పురుగులతో. ఒక్కోదాన్నీ గాజుపలక మీద వెల్లకిలా అంటించి, మూతికి వెంట్రుకంత గాజుగొట్టం తొడిగి, ఉమ్మి ఊరేదాకా కనిపెట్టుకుని ఉండాలి. ఆ చుక్కలోని ప్రొటీన్ల మీదే ప్రయోగశాల నడిపే మేడమ్ ఏళ్ల తరబడి పనిచేస్తోంది. కొన్ని కాటు నొప్పి తెలియనివ్వవు, కొన్ని నెత్తురు గడ్డకట్టనివ్వవు, కొన్ని ఒంటి కాపలాని జోకొడతాయి. ఆ నిద్రలో రోగం అలికిడి లేకుండా లోపలికి నడిచిపోతుంది. మూల బోనులో ఒక కుందేలు చెవినిండా పిడుదులతో కళ్లు మూసుకుని హాయిగా కూర్చుంది. ఆ హాయి చూసే ఆమెకి ఒళ్లు జలదరించింది.

నాలుగు రోజుల కిందట సీసాలోంచి ఒక పిడుదు తప్పిపోయింది. బల్లల కిందా తలుపు సందుల్లోనూ వెతికి, దొరక్క వదిలేశారు. ఆ మధ్యాహ్నం కాళ్లు కడుక్కుంటుంటే ఎడమ మోకాలి వెనక వేలికి తగిలింది. ఆముదపు గింజంత. మెత్తగా, వెచ్చగా.

మేడమ్ పట్టకారుతో తిన్నగా పైకి లాగింది.

"నాలుగు రోజులా! చీమ కుట్టినట్టైనా లేదా నీకు?"

"లేదండి."

"పొద్దస్తమానం వాటి మధ్యే ఉంటావు, నీకే తెలీలేదా?" నవ్వబోయి ఆగింది. "జ్వరమొస్తే ఆ పూటే చెప్పు, దాచకు."

"ఎప్పటికీ తెలీదా మేడమ్?" ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఎందుకు తెలీదు? రెండో బోనులో కుందేల్ని చూడు. మూడోసారి కరిపించాం. చర్మం గుర్తుపట్టేసింది. ఒకటే దురద. గోక్కుని గోక్కుని రాల్చేస్తోంది, వాటి కడుపు నిండకముందే."

సాయంత్రందాకా ఆ బోనులోంచి బరబరమని చప్పుడు వస్తూనే ఉంది. ఆమె గొట్టాలు తుడుస్తూ వింది. ఇంటికి బయల్దేరేముందు సంచి తెరిచింది.

రోజూ వడ్డించి, ఆఖర్న తినే మనిషి ఆ పూట తనూ కంచం పెట్టుకుని కూర్చుంది. అత్తగారు వింతగా చూసింది. భర్త చిరునవ్వు నవ్వాడు. కింది పెదవి మీద తడి మెరిసింది.

"ఇవాళేగా ఆ ఫారానికి ఆఖరు రోజు? నీ ఇష్టం బంగారం. నేనెప్పుడైనా..."

మోకాలి వెనక సన్నగా దురద మొదలైంది. ఆమె ఎడమ చేత్తో గోక్కుంది. ఆ చప్పుడు గదంతా వినిపించింది. ఆయన మాట మధ్యలో ఆగింది.

"ఇచ్చేశాను," అంది. "వెళ్తున్నాను."

అత్తగారికి ముద్ద దిగింది. ఆమెకీ దిగింది. ఆయన పెదవులు మాత్రం రెండు మూడుసార్లు తెరుచుకుని, ఎక్కడా పట్టు దొరక్క, మూసుకున్నాయి.