రొయ్యల మేత మీద ప్రాణం

“తాళం తియ్యరా పోతురాజూ! పిల్ల చచ్చిపోతంది!”

తల్లి అప్పాయమ్మ అరుపుకి పోతురాజు చేతిలోని తాళంచెవి జారి బురదలో పడింది. అతని వెనక నలుగురు మోసుకొచ్చిన నులకమంచం మీద అతని భార్య నాగదుర్గ. కాన్పు ఇంట్లోనే అయిపోయింది. మగపిల్లాడు, గుక్కపట్టి ఏడ్చాడు. కానీ తల్లికి రక్తం ఆగలేదు. చీర తడిసింది, దుప్పటి తడిసింది, మంచం నులక కూడా తడిసింది. భీమవరం నుంచి 108 బయల్దేరిందన్నారు. ఆ చెరువుగట్ల మీద బండి ఎంత మెల్లగా వస్తుందో పల్లెపాలెంలో అందరికీ తెలుసు. దగ్గర్లో ఉన్నది ఈ రెండు గదుల ఆరోగ్య ఉపకేంద్రం ఒక్కటే.

తలుపు తెరుచుకుంది. రొయ్యల మేత కంపు గుప్పుమంది.

గదినిండా మేత బస్తాలు, పైకప్పు అంటేదాకా. కాన్పులు చెయ్యాల్సిన బల్ల మీద చెరువు మోటార్లు. పక్క ఊళ్లోని ఇంటి నుంచి ఉన్నపళంగా స్కూటీ మీద వచ్చిన నర్సు దీనమ్మ బస్తాలెక్కి మూలనున్న ఫ్రిజ్ తలుపు లాగింది. రక్తం ఆపే సూదిమందు ఉండాల్సిన చోటు అది. లోపల రొయ్యల మందు డబ్బాలు వరసగా, చల్లగా ఉన్నాయి.

“ఏదమ్మా సూది?” అప్పాయమ్మ అడిగింది.

“చోటు లేదని ఇక్కడికి పంపడమే మానేశారండి. నాకే కూర్చోడానికి చోటివ్వలేదు, మందుకేం ఇస్తారు?” దీనమ్మ ఏడుస్తూనే పిడికిలితో నాగదుర్గ పొత్తికడుపు నొక్కసాగింది. “దుర్గా, కళ్లు మూయకు! నాతో మాట్లాడు!”

బస్తాలు కిందికి లాగి, వాటి మీదే పడుకోబెట్టారు. చెరువుల అవతల అంబులెన్స్ కూత వినపడేసరికి అప్పాయమ్మ చేతిలో కోడలి చెయ్యి చల్లబడిపోయింది.

కబురు ఎలా వెళ్లిందో గానీ, శవం మీద గుడ్డ కప్పకముందే చెరువుల యజమాని లారీ వచ్చేసింది, బస్తాలు ఎత్తుకుపోవడానికి. చేపలమ్ముకునే ఆడవాళ్లు గంపలు బోర్లించి లారీ ముందు కూర్చున్నారు.

“లేవండర్రా! చెరువుల్లో పని పోతే ఎవడు పెడతాడు మీకు?” అన్నాడు కులపెద్ద లోకనాథ్.

“ఏరు పెట్టేది! ఆయన చెరువుల కంపు ఏట్లో కలవకముందు మనం తినలేదా పెదనాన్నా?” నాగదుర్గ చెల్లెలు లక్ష్మీదుర్గ ఎదురు తిరిగింది. బిడ్డ ఆమె ఒళ్లో ఉన్నాడు.

“డిగ్రీ చదివితే కట్టుబాటు మర్చిపోతావా?”

ఆ మాటకి అందరూ తలలు దించుకున్నారు. పాలెంలో తాతలనాటి కట్టుబాటు అది. వలల తగాదా వచ్చినా, తలలు పగిలినా గంగమ్మ గుడి అరుగు మీదే తేలాలి. పరాయి ఆఫీసరు ముందు ఎవరి పేరూ ఎత్తకూడదు. పోలీసుల నుంచి పిల్లల్ని కాపాడుకోవడానికి పెట్టుకున్న కట్టుబాటు. ఆ సంగతి కనిపెట్టిన చెరువుల ఆసామి గుడికి రేకుల షెడ్డు వేయించాడు, తనూ ఊళ్లోవాణ్నే అన్నాడు. ఆరోగ్యశాఖ వాళ్లొచ్చి ఈ బస్తాలెవరివని అడిగినప్పుడు ఊరు ఊరంతా ఒకటే మాట: “తెలీదండి.”

ఇంతలో పోలీసు జీపు వచ్చింది. దాని వెనకే ఆసామి తెల్లకారు. కారు అద్దాలు దిగలేదు. మేనేజరు సురేష్‌బాబు మాత్రం దిగాడు.

“తాళం ఎవడి దగ్గరుంది?” ఎస్సై అడిగాడు.

“నా దగ్గరేనండి,” అన్నాడు పోతురాజు. “చెరువుల కాపలా నేనేనండి.”

“మా వాడేనండి. పైవాళ్లకి తెలియకుండా ఈ వెధవ పని చేశాడు,” అన్నాడు సురేష్‌బాబు.

“అయితే బస్తాలు పెట్టిందీ నువ్వే. పెళ్లాం చావుకి కారకుడివీ నువ్వే. ఎక్కు జీపు.”

పోతురాజు కాదనలేదు. రెండు చేతులూ ముందుకు చాపాడు. “అవునండి. తాళం నేనే వేశానండి. నేనే చంపుకున్నాను.”

లోకనాథ్ అప్పాయమ్మ చెవిలో గొణిగాడు. “ఊరుకో అక్కా. ఆయనే బెయిలిప్పిస్తాడు. ఒక్కడు వెళ్తే ఊరు బతుకుద్ది.”

“నా కోడలు కూడా ఒక్కతేగా, పెద్దాయనా?”

“కట్టుబాటు అక్కా!”

“పిల్లల్ని కాపాడతదనే కదా పెట్టారు? ఏదీ, కాపాడమను! తల్లి పోయింది, ఇప్పుడు తండ్రినీ పట్టుకుపోతన్నారు!”

పసివాడు ఏడుపు అందుకున్నాడు. పాలిచ్చే తల్లి బస్తాల మీద పడి ఉంది. తండ్రి కాలు జీపు మెట్టు మీద ఉంది.

అప్పాయమ్మ లేచింది. భీమవరం వీధుల్లో చేపల గంప దించి కేకేసేటప్పుడు పెట్టుకున్నట్టే ఒక చెయ్యి చెవికి ఆనించుకుంది. మూడో అంతస్తు వాళ్లని కూడా కిందికి దింపే గొంతు అది.

“బస్తాలెవరివో చెప్తాను, రాసుకోండి ఎస్సైగారూ! నా కొడుకువి కావు! శ్రీరామరాజువి!”

లోకనాథ్ చెవులు మూసుకున్నాడు. ఎస్సై కలం ఆగిపోయింది. ఆసామిని ‘రాజుగారు’ అని తప్ప ఇంకోలా పిలవడం ఎరగని పాలెం అది.

వీధి మొదట్లో ఒకరు కేకేస్తే చివర ఉన్నామె అందుకోవడం చేపలమ్మేవాళ్లకి అలవాటు. లారీ ముందు నుంచి ఒకామె అందుకుంది. గుడి దగ్గర నుంచి మరొకామె. ఏటిగట్టున వలలు వదిలేసి మగవాళ్లు పరుగెత్తుకొచ్చారు. జీపు ముందు మంచం అడ్డం పెట్టారు, రక్తం ఆరని నులకమంచం. లక్ష్మీదుర్గ బిడ్డనెత్తుకుని వెళ్లి తెల్లకారు అద్దం మీద అరచేత్తో కొట్టింది.

“ఎవరు చంపారు మా అక్కని?”

పాలెం మొత్తం ఒక్క గొంతుతో చెప్పింది.

“శ్రీరామరాజు!”