గొడుగు, తాళం, పిల్లి, అద్దం, రైలు

బెత్తం మాస్టారు బెత్తం వదిలేసి చాలా ఏళ్ళయింది కానీ ఆ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ముందు గదిలో నాలుగు బల్లలు, గోడకో నల్లబోర్డు. లెక్కలంటే గుండె దడపుట్టే పిల్లలకి ఆ గదే ఆఖరి దిక్కు. ఆయన పట్టుకున్న పిల్లాడు గట్టెక్కకపోవడమన్నది లేదు. ఎన్ని తప్పులు చేసినా ఓర్చుకునేవారు గానీ కాపీ కొట్టినవాణ్ణి గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. "తప్పితే మళ్ళీ రాసుకోవచ్చురా. కాపీ కొట్టావంటే నీకేం రాదో ఎవడికీ తెలీకుండా పోతుంది. ఇక నీకు నేర్పేదెవడు?" అనేవారు. ఆ మాట ఊరందరి పిల్లలకీ చెప్పారు. తనకి చెప్పుకోవాల్సి వస్తుందని అనుకోలేదు.

ఆయన భార్య టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఊళ్ళో సగం నంబర్లు ఆవిడ నాలుక చివర ఉండేవి. అలాంటి మనిషి ఒకరోజు కూతురికి ఫోన్ చెయ్యబోయి, రిసీవరు చేత్తో పట్టుకుని, నంబరు గుర్తురాక అలాగే నిలబడిపోయింది. కొన్నాళ్ళకి నడక మారింది. పాదాలు నేలకి అంటుకుపోయినట్టు ఈడ్చుకుంటూ వేసేది అడుగులు. చెప్పుల తప్పనుకుని మాస్టారు కొత్త చెప్పులు కొనిపెట్టారు. ఆ తర్వాత బాత్రూం చేరేలోపే బట్టలు తడిసిపోవడం మొదలైంది. ఆ సంగతి మూడో కంటికి తెలియకుండా ఆయనే ఉతికి ఆరేసేవారు. భార్య పరువు తన చేతుల్లో ఉందనుకున్నారు పాపం.

రెండు వీధుల అవతల కాపురముండే కూతురు ఊరుకునే రకం కాదు. "నాన్నా, అమ్మ నడక చూస్తున్నావా? మొన్న మాట్లాడుతూ మాట్లాడుతూ నా పేరు మర్చిపోయింది. నువ్వు తీసుకెళ్తావా, నేను తీసుకెళ్ళనా?" అని నిలదీసింది.

ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడ పరీక్ష గదికీ, జనం కూర్చునే హాలుకీ మధ్య ఒక చెక్క అడ్డు మాత్రమే ఉంది. లోపల డాక్టరు అడిగేవన్నీ బయటికి వినిపిస్తున్నాయి. ఇవాళ ఏ వారం? ఇది ఏ సంవత్సరం? నేను చెప్పే అయిదు మాటలు గుర్తుపెట్టుకోండి: గొడుగు, తాళం, పిల్లి, అద్దం, రైలు. ఇంకో మనిషి వెళ్ళినా అవే ప్రశ్నలు, అవే మాటలు. గడియారం బొమ్మ గియ్యండి. వందలోంచి ఏడు తీసెయ్యండి, మళ్ళీ ఏడు తీసెయ్యండి. లోపలున్న పెద్దాయన ఎనభై ఆరు దగ్గర తడబడి, ఏడ్చేశాడు.

పక్కన కూర్చున్న భార్య మాస్టారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏమండీ, నాకు రాకపోతే? పిచ్చిదని రాసేస్తారా?"

వాళ్ళ వంతు వచ్చేసరికి డాక్టరుకి ఏదో అర్జంటు కేసొచ్చి, మిగిలినవాళ్ళని వచ్చేవారం రమ్మన్నారు. కూతురు విసుక్కుంది. మాస్టారికి మాత్రం నెత్తిన పాలు పోసినట్టయింది. పేపరు ముందే చేతికొచ్చింది, చదివించడానికి వారం గడువూ దొరికింది. కంచే చేను మేస్తే ఎలా ఉంటుందో ఆ వారం ఆ ఇంట్లో చూడాలి.

పిల్లలకి సెలవిచ్చేసి, భార్యని ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. "నన్ను మొగుడనుకోకు. డాక్టరనుకో. మీ ఆయన బయట హాల్లో కూర్చున్నాడనుకో."

ఆవిడకి నవ్వొచ్చింది. "పాపం, ఆయన్ని కూడా లోపలికి పిలవండి డాక్టరుగారూ. అసలే భయస్తుడు."

"వేషాలొద్దు. అయిదు మాటలు చెప్పు."

మొదటిరోజు రెండే వచ్చాయి. ఆయన కోప్పడ్డారు, బతిమాలారు, గడియారం బొమ్మ బోర్డు మీద వేసి చూపించారు. వెళ్ళబోయే రోజు వారమూ తేదీ పొద్దునా సాయంత్రమూ వల్లె వేయించారు. పాఠం అయిపోగానే ఆవిడ ప్రతిసారీ అడిగేది, "పాసయ్యానా?" అని. వారం తిరిగేసరికి చిలకలా అప్పజెప్పింది. మాస్టారు పొంగిపోయారు. వంటింట్లోకి వెళ్ళి ఏ పనికి వచ్చానా అని ఆవిడ నిలబడిపోవడం కళ్ళారా చూస్తూనే పొంగిపోయారు.

ఈసారి కూతుర్ని రానక్కర్లేదని చెప్పి ఇద్దరే వెళ్ళారు. డాక్టరు దగ్గర ఆవిడ ఒక్కటి తప్పలేదు. "మీ జ్ఞాపకం నాకన్నా బాగుందమ్మా" అన్నాడాయన. నడక సంగతి అడిగితే మాస్టారు అందుకుని, మోకాళ్ళ నొప్పులన్నారు. బాత్రూం ఇబ్బందేమైనా ఉందా అంటే అబ్బే, అలాంటిదేం లేదన్నారు. స్కాను అవసరం లేదు, వయసుతో వచ్చే మతిమరుపే, ఏడాది పోయాక కనిపించండి అని డాక్టరు పంపేశాడు.

ఆ ఏడాదంతా కూతురు ఎప్పుడు నోరెత్తినా మాస్టారు ఒకటే మాట. "పాసైంది కదే." డాక్టరే చెప్పాక ఆ పిల్ల మాత్రం ఏమంటుంది? భార్యకి మాటలు తగ్గాయి. రోజంతా కిటికీ దగ్గర కూర్చునేది. ఒకరోజు వంటింటి గడప దగ్గర కాలు లేవక బోర్లా పడింది. నుదురు చిట్లింది. కుట్లు వేసినవాళ్ళు ఆ నడక చూసి ఇంకో డాక్టరు దగ్గరికి పంపించారు.

ఈ డాక్టరు వయసులో చిన్నదే గానీ మాటలో మెత్తదనమూ ఉంది, పట్టూ ఉంది. పరీక్షప్పుడు ఇంట్లోవాళ్ళని బయట కూర్చోమంది. తలుపు ఓరగా ఉంది. మాస్టారు చెవులు రిక్కించుకుని కూర్చున్నారు.

"ఇవాళ తేదీ చెప్తారా అమ్మా?"

భార్య గొంతు ఠంచనుగా పలికింది. పోయినేడు ఆయన వల్లె వేయించిన తేదీ, ఆ సంవత్సరంతో సహా.

"నేను కొన్ని మాటలు చెప్తాను. కుర్చీ, మామిడి, నది..."

"గొడుగు, తాళం, పిల్లి, అద్దం, రైలు" అంది ఆవిడ, అడిగేదాకా ఆగకుండానే.

కూతురు మెల్లగా ఆయన వైపు తిరిగింది.

స్కాను తీశారు. డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి తెరమీద చూపించింది. మెదడు లోపల నీరు పేరుకుపోయి చుట్టూ ఉన్నదాన్ని నొక్కేస్తోంది. మతిమరుపు జబ్బుల్లో నయమయ్యేవి కొన్నే, వాటిల్లో ఇదొకటి. సన్నటి గొట్టం వేసి ఆ నీటిని దించేస్తారు. ఎంత త్వరగా చేస్తే అంత మేలు.

"ఇప్పుడు చేస్తే నడక కొంత మెరుగు కావచ్చు. జ్ఞాపకం సంగతి మాటివ్వలేను. పోయినేడు ఆ డాక్టరు దగ్గర నాలుగు తప్పులు చేసుంటే ఆయన అప్పుడే స్కాను రాసేవారు. ఆ జవాబులు ఆవిడకి ఎవరు నేర్పారు?"

"నేనేనమ్మా" అన్నారు మాస్టారు. లేచి నిలబడే చెప్పారు. ఎందుకు నిలబడ్డారో ఆయనకే తెలీదు.

వరండాలోకి వచ్చాక కూతురు అడిగింది. "ఎందుకు నాన్నా?"

"మీ అమ్మ భయపడింది."

"అమ్మ భయపడిందా, నువ్వా?"

ఆయనకి అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలిసి కూడా ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టారు.

ఆపరేషను బాగానే జరిగింది. నెల తిరిగేసరికి అడుగు నేల వదిలింది. ఆవిడ వంటింట్లోంచి ముందు గదిలోకి ఎవరి ఆసరా లేకుండా నడిచొస్తోంది. కానీ వచ్చే మనిషి వేరు. కూతుర్ని నర్సనుకుంటుంది. తన గదిని ఆసుపత్రి అనుకుంటుంది. పిల్లలు రావడం మానేశారు, మాస్టారే వద్దన్నారు. పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడానికి ఆయనకి మొహం చెల్లడం లేదు.

ఒక సాయంత్రం ఆయన ఖాళీ బల్లలు తుడుస్తుంటే ఆవిడ చక్కగా నడుచుకుంటూ వచ్చి ముందు బల్ల మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపులో గౌరవం ఉంది, కొంచెం బెరుకుంది. ఇన్నేళ్ళ కాపురం మాత్రం ఎక్కడా లేదు.

"గొడుగు, తాళం, పిల్లి, అద్దం, రైలు" అంది. "పాసయ్యానా డాక్టరుగారూ?"

మాస్టారు గుడ్డ కింద పెట్టి ఎదురుగా కూర్చున్నారు. తల ఊపారు.

ఆవిడ మొహం విప్పారింది. తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అంది. "అయితే మా ఆయనకి మీరే చెప్పండి. బయట హాల్లో కూర్చున్నారు. ఎంతసేపట్నించో ఏమో. అసలే భయస్తుడు, నాకేమైందోనని బెంగపడిపోతూ ఉంటారు."

"చెప్తానమ్మా" అన్నారు మాస్టారు.